కిటికీ సందు మూయకుండా అద్దం మార్చి లాభం లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి పక్కన, షాద్‌నగర్ నుంచి పెబ్బేరు దాకా 44వ నంబరు రహదారి పక్కన, మిర్యాలగూడలో రైసు మిల్లుల నడుమ ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఈమధ్య మా దగ్గర ఎక్కువగా అడిగే మాట ఒకటే: "సౌండు రాని కిటికీలు పెట్టాలె, ఎంతయితది?" ఇదే మాట దుకాణంలో అడిగితే రెండు అద్దాల యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ చూపిస్తారు. ఉన్న టేకు రెక్కలు ఊడదీయించి, వేలకు వేలు పోసి దాన్ని పెట్టించుకున్నాక కూడా లారీ హారన్ మంచం దాకా వస్తే తప్పు ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టదు. కిటికీ రెక్కలతో బయటి చప్పుడు తగ్గుతుంది, బాగానే తగ్గుతుంది. అయితే పని మొదలుపెట్టాల్సిన చోటు అద్దం కాదు, రెక్కకూ చౌకట్టుకూ మధ్య సందు. ఆ సంగతి లెక్కతో సహా మీ పాఠకులకు చెబుదామని ఈ ఉత్తరం.

నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న రెండు రెక్కల మామూలు కిటికీ తీసుకోండి. చుట్టుకొలత 4.8 మీటర్లు, రెక్కలు రెండూ కలిసేచోట నిలువునా మరో 1.2 మీటర్లు, మొత్తం 6 మీటర్ల అతుకు. ఆ పొడవునా 2 మిల్లీమీటర్ల సందు ఉందనుకుందాం. మన దగ్గర 2 మిల్లీమీటర్లంటే మంచి పనితనమే. అన్నీ కలిపితే 120 చదరపు సెంటీమీటర్ల బొక్క. కిటికీ మొత్తం వైశాల్యంలో ఇది ఒక శాతం కూడా లేదు. కానీ నూటికి ఒక వంతు తెరిచి ఉన్న కిటికీ, దానిలో ఎంత మందం అద్దం వేసినా, 20 డెసిబెల్స్‌కు మించి చప్పుడు ఆపదు (డెసిబెల్ అంటే చప్పుడును కొలిచే లెక్క). ఈ సందుతో అయితే ఎంత చేసినా 21 దగ్గరే ఆగుతుంది. అదే చోట 4 మిల్లీమీటర్ల మామూలు అద్దం, సందులేమీ లేకుండా బిగిస్తే, 29-30 డెసిబెల్స్ ఆపగలదు. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి చప్పుడు సగమైనట్టు తోస్తుంది. ఆ సగం చప్పుడు ఇంట్లోకి వస్తున్నది ఈ సందులోంచే. అద్దం మార్చినందువల్ల అది పోదు.

గోడ సంగతీ ఇంతే. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గోడలో ఈ కిటికీ ఉందనుకోండి. ఇటుక గోడ ఒక్కటే 45 డెసిబెల్స్ ఆపుతుంది. అందులో 20 డెసిబెల్స్ ఆపే కిటికీ ఉంటే గోడా కిటికీ కలిసి ఆపేది 28 మాత్రమే. గోడను ఇంకా లావుగా కట్టి 55కు తీసుకెళ్లినా ఆ 28 కదలదు. కిటికీని 30కి తెస్తే మాత్రం మొత్తం 37 అవుతుంది. బయట 70 డెసిబెల్స్ ట్రాఫిక్ ఉంటే గదిలో నలభై పైచిలుకు వినబడే చోట ముప్పైమూడు దగ్గరికి దిగుతుంది. పడకగదిలో 30 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది కాబట్టి గమ్యం అంత దూరమేమీ లేదు.

ఇక అందరూ మరిచిపోయేది వెంటిలేటర్. కిటికీ మీద మూడడుగుల పొడవు, అడుగు ఎత్తున సిమెంటు జాలీ గానీ, ఏటవాలుగా పెట్టిన అద్దం పట్టీలు గానీ ఉంటాయి. అంటే నూరు చదరపు అడుగుల గోడలో మూడు చదరపు అడుగులు ఎప్పుడూ తెరిచే ఉన్నట్టు. అది తెరిచి ఉన్నంతకాలం కింద మీరు ఏ రెక్క పెట్టినా గోడ మొత్తంగా ఆపేది 15 డెసిబెల్స్. కిటికీకి లక్ష పెట్టినా ఇంతే. రోడ్డు వైపు వెంటిలేటర్‌ను 6 మిల్లీమీటర్ల అద్దంతో కదలకుండా మూసి, గాలి కోసం ఇంటి వెనకవైపో, పక్క గల్లీ వైపో ఉన్న దాన్ని ఉంచుకోవాలి. మొత్తం పనిలో తక్కువ ఖర్చుకు ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే.

సందు ఎక్కడుందో తెలుసుకోవడానికి మిషన్లు అక్కర్లేదు. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపి, ఒకరు బయట నిలబడి కిటికీ చుట్టూ టార్చి తిప్పాలి. లోపల గీతలా వెలుతురు కనిపించిన ప్రతిచోటా చప్పుడుకూ దారి ఉన్నట్టే. రెక్క మూసేటప్పుడు మధ్యలో ఒక రసీదు కాగితం పెట్టి లాగి చూడటం ఇంకో పద్ధతి. పట్టుకుంటే సరే, జారితే అక్కడ రెక్క ఆనడం లేదు. సాధారణంగా పై మూల, కింది మూల పట్టుకుంటాయి, నడిమి భాగం జారుతుంది. రెక్క వంగిందని దానర్థం. పైనా కిందా బోల్టులు బిగించడం వల్ల నడుమ పొట్టలా బయటికి వస్తుంది. దీనికి నడుమ ఇంకొక బోల్టు వేస్తే చాలాసార్లు సరిపోతుంది.

రెక్క వచ్చి ఆనే చౌకట్టు గాడిలో రబ్బరు పట్టీ వేసేముందు దాని మందం తేల్చుకోవాలి. ఇక్కడే ఎక్కువమంది బోల్తాపడతారు. గోలీకాయంత చపాతీ పిండి ముద్దను పాలిథీన్ కవరు ముక్కలో చుట్టి గాడిలో పెట్టి, రెక్క మూసి గడియ వేసి, మళ్లీ తెరవండి. నొక్కుకుపోయిన ముద్ద ఎంత మందం ఉందో అంత సందు ఉన్నట్టు. పైన, కింద, నడుమ, కబ్జాల వైపు, ఇలా ఆరేడు చోట్ల చూడాలి. ఒక్కోచోట ఒక్కో కొలత వస్తుంది, కంగారు పడొద్దు. రబ్బరు తన మందంలో మూడో వంతు నొక్కుకునేలా ఎంచుకోవాలి. అంటే 3 మిల్లీమీటర్ల సందుకు నాలుగున్నర మిల్లీమీటర్ల పట్టీ. 'పీ' ఆకారంలో, 'డీ' ఆకారంలో లోపల బోలుగా ఉండే ఈపీడీఎం రబ్బరు పట్టీలు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. పైన చెప్పిన కిటికీకి 6 మీటర్లు కావాలి, మూలల్లో కోతలకు ఇంకో అర మీటరు ఎక్కువ తీసుకోండి. స్పాంజి పట్టీ చవక, కానీ వద్దు. గాలి దూరే మెత్తదనంలోంచి చప్పుడు కూడా దూరుతుంది. పైగా మన నల్లగొండ ఎండకు ఒక్క వేసవిలోనే పొడిపొడిగా రాలిపోతుంది.

అతికించేటప్పుడు జరిగే పొరపాట్లు ఎప్పుడూ అవే. సున్నం, దుమ్ము తుడవకుండా అతికిస్తే వారంలో ఊడుతుంది. ముందు గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఆరాక అతికించాలి. పట్టీని సాగదీసి అతికిస్తే చూడటానికి చక్కగా ఉంటుంది కానీ, నాలుగు రోజుల్లో వెనక్కి ముడుచుకుని నాలుగు మూలల్లోనూ వేలు వెడల్పు ఖాళీ వదులుతుంది. చప్పుడుకు అంతకంటే ఏం కావాలి! అందుకని వదులుగా, కొంచెం తోసినట్టుగా పరుచుకుంటూ పోవాలి. కబ్జాల వైపు కూడా అదే మందం పట్టీ వేస్తే రెక్క పూర్తిగా మూసుకోదు. బలవంతంగా మూస్తే కబ్జా మరలు చెక్కలోంచి ఊడి వస్తాయి. అటువైపు సగం మందం చాలు. ఇవన్నీ సరిగ్గా చేసి, ఆఖరున దాని మీద ఎనామెల్ రంగు పూసేవాళ్లూ ఉన్నారు. రంగుతో గట్టిపడ్డ రబ్బరు రబ్బరు కాదు, బెత్తం. రంగు పని అయ్యాకే పట్టీ వేయాలి.

రెండు రెక్కలు కలిసేచోట గాడి మీద గాడి కనీసం 12 మిల్లీమీటర్లు పడాలి. పాత కిటికీల్లో అది అరిగిపోయి నేరుగా వెలుతురు కనిపిస్తుంటే, ముందు తెరుచుకునే రెక్కకు నిలువునా ఒక చెక్క పట్టీ మరలతో బిగించి, దాని లోపలి వైపు రబ్బరు అతికించాలి. మేకులు కొట్టొద్దు, చెక్క పగులుతుంది.

చెక్క గురించి ఇంకో మాట. వానాకాలంలో రెక్క ఉబ్బి బిగుసుకుంటుంది. వెంటనే వడ్లాయనను పిలిచి రందా పట్టిస్తారు. కొన్ని నెలలు తిరిగి ఎండలు ముదిరేసరికి చెక్క ముడుచుకుంటుంది, రందా పట్టిన చోటే సందు నోరు తెరుస్తుంది. బిగుసుకున్న రెక్కకు మాఘం దాటాక, చెక్క ఆరినప్పుడు రందా పట్టాలి. ఆలోపు ఇబ్బందిగా ఉంటే గాడిలో కొంచెం మైనం రుద్దండి.

చౌకట్టుకూ గోడకూ మధ్య చూడని వాళ్లు చాలామంది. చెక్క ముడుచుకుని సిమెంటును వదిలేస్తుంది, వెంట్రుక మందం చీలిక కిటికీ చుట్టూ తిరుగుతుంది. మీద ప్లాస్టర్, రంగు ఉండటం వల్ల అది పగులులా కనిపిస్తుంది తప్ప బొక్కలా కనిపించదు. ఉలితో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము దులిపి, లోతుగా ఉంటే ముందు ఫోమ్ తాడు దూర్చి, పైన సీలెంట్ (సందులు పూడ్చే సిలికాన్ ముద్ద) నింపాలి. గొట్టం కొనేటప్పుడు న్యూట్రల్ రకం అడగండి. వెనిగర్ వాసన వచ్చే రకం సిమెంటుకు సరిగ్గా అంటదు, ఇనుమును తుప్పు పట్టిస్తుంది. 300 మిల్లీలీటర్ల గొట్టం, 6 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు గీతకు సుమారు 8 మీటర్లు వస్తుంది. మన కిటికీకి లోపలా బయటా కలిపి 9.6 మీటర్లు, కాబట్టి రెండు గొట్టాలు తెచ్చుకోవాలి. యూపీవీసీ కిటికీలకు చుట్టూ పసుపు రంగు పీయూ ఫోమ్ కొట్టి వదిలేస్తున్నారు. బరువు లేని ఆ నురగ చప్పుడును పెద్దగా ఆపదు, ఎండ తగిలితే పొడి అవుతుంది. దాని మీద ప్లాస్టరో సీలెంటో పడితేనే పని పూర్తయినట్టు.

ఇన్ని సందులు మూసిన తర్వాతే బరువు గురించి మాట్లాడాలి. చప్పుడును ఆపేది బరువు. బరువు రెట్టింపైతే లెక్క ప్రకారం 6 డెసిబెల్స్ లాభం, ఆచరణలో 5 అనుకోండి. అద్దం ప్రతి మిల్లీమీటరుకూ చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగుతుంది. అంటే 4 మిల్లీమీటర్ల అద్దం 10 కిలోలు, 6 మిల్లీమీటర్లది 15 కిలోలు. మన పాత ఇళ్లలోని అంగుళం మందం నిండు టేకు పలక రెక్క చదరపు మీటరుకు 16 కిలోలు. తాతల నాటి ఆ కిటికీ బరువులో 6 మిల్లీమీటర్ల అద్దంతో సమానం. దాన్ని పీకి 4 మిల్లీమీటర్ల అద్దం పెట్టించుకోవడం నష్టానికి డబ్బు కట్టడమే. పలకల మధ్య చీలికలకు వెనక నుంచి పట్టీలు వేసి, గాడికి రబ్బరు వేస్తే చాలు. చుట్టూ లావు చట్రం, నడుమ 12 మిల్లీమీటర్ల సన్నని పలక ఉన్న రెక్కల సంగతి వేరు. అవి చూడటానికే లావు. మందం అద్దం వేయాలనుకుంటే మూడో కబ్జా తప్పనిసరి, రెండింటి మీద వేలాడితే నెలల్లో రెక్క కిందికి జారి పై మూల తెరుచుకుంటుంది.

రెండు అద్దాల మధ్య పొర ఉన్న లామినేటెడ్ అద్దం, అదే మందం మామూలు అద్దం కంటే కొంచెం మెరుగు. అద్దం తనంతట తాను గొంతు కలిపే స్వరం ఒకటి ఉంటుంది, 6 మిల్లీమీటర్లకు సుమారు 2000 హెర్ట్జ్ (అంటే సెకనుకు 2000 కంపనాలు), 4 మిల్లీమీటర్లకు 3000. ఆ దగ్గర చప్పుడు తేలిగ్గా దాటిపోతుంది. నడుమ పొర ఆ కంపనాన్ని చంపుతుంది.

దుకాణాల్లో 'డబుల్ గ్లేజింగ్' అని అమ్మేది చాలావరకు 4 అద్దం, 12 ఖాళీ, 4 అద్దం. ఇది వేడికి చేసిన వస్తువు. ఈ కొలతతో రెండు అద్దాలూ నడుమ గాలిని స్ప్రింగులా చేసుకుని 245 హెర్ట్జ్ దగ్గర కలిసి ఊగుతాయి. లారీ ఇంజిన్ గుర్రు ఉండేది ఆ చుట్టుపక్కలే, ఇంకాస్త కింద. అందుకే ట్రాఫిక్ మోతకు ఒంటి అద్దానికీ దానికీ పెద్ద తేడా తెలియదు. అదే నడుమ ఖాళీ 100 మిల్లీమీటర్లు చేసి, ఒకటి 4, ఇంకొకటి 6 మిల్లీమీటర్ల అద్దం పెడితే ఆ ఊగుడు 80 హెర్ట్జ్ కిందికి పోతుంది. మన తొమ్మిది అంగుళాల గోడలో నాలుగంగుళాల చౌకట్టు పోగా లోపలివైపు అంత చోటు ఉండనే ఉంటుంది. ఇప్పుడు దోమల జాలీ రెక్క ఉన్న చోటే లోపలి అంచున సన్నని చట్రం బిగించి అద్దం రెక్క పెట్టొచ్చు. రెండు షరతులు. కొత్త చట్రాన్ని పాత చౌకట్టుకు మేకులతో కలపొద్దు, గోడకే పట్టాలి, లేకపోతే కంపనం చెక్క గుండా దాటుతుంది. నడుమ ఖాళీలో పైనా రెండు పక్కలా అంగుళం మందం గాజు పోగుల దూది అనే గ్లాస్‌వూల్‌ను గుడ్డలో చుట్టి అతికించాలి, వాన తడి చేరే కింది అంచున వద్దు. కుదురుగా చేస్తే ఒంటి రెక్క కంటే 10 డెసిబెల్స్ పైనే తగ్గుతుంది. ఉన్న కిటికీ పీకే పనే లేదు.

జారుడు కిటికీలకు ఈ వైద్యాలు అంతగా పనిచేయవు. రెక్క జారాలంటే సందు ఉండాలి కాబట్టి అక్కడ వేసే ఊలు పట్టీ దుమ్ము ఆపడానికే. ఉన్నవాళ్లు చేయగలిగిందేమంటే, అణిగిపోయిన ఊలు పట్టీలు మార్చి, రెక్క అడుగున చక్రం మరను స్క్రూడ్రైవర్‌తో తిప్పి రెక్కను నిట్టనిలువుగా నిలబెట్టడం. రెక్క ఒరిగితే పై మూలలో త్రికోణం సందు పడుతుంది. కింది పట్టాలోని నీటి రంధ్రాలు మాత్రం మూయొద్దు, మొదటి వానకే నీళ్లు గదిలోకి వస్తాయి. కొత్తగా కొనేవాళ్లు రోడ్డు వైపుకు కబ్జాలతో తెరిచే రకమే తీసుకోండి. 'నలభై డెసిబెల్స్ ఆపుతుంది' అన్నప్పుడు ఆ అంకె అద్దానిదా, చట్రంతో సహా మొత్తం కిటికీదా అని అడగండి. మొత్తం కిటికీ పరీక్ష కాగితంలో ట్రాఫిక్ సవరణ అంకె కూడా ఉంటుంది, లారీల లావు మోతను కిటికీ తక్కువగా ఆపుతుంది కాబట్టి చెప్పిన అంకెలోంచి మామూలుగా మూడు నుంచి ఆరు దాకా తీసివేయాల్సి వస్తుంది.

పరదాలు, థర్మాకోల్, గుడ్ల అట్టలు వీటితో బయటి చప్పుడు ఆగదు. పరదా గదిలో మారుమోత తగ్గిస్తుంది, అంతే. దుకాణాల ముందు ఉండే రేకు రోలింగ్ షట్టర్ కూడా పలకల కీళ్లలో, పక్క పట్టాల్లో అంతా సందే. గాలికి అదే మోగుతుంది.

మన దగ్గర అసలు చిక్కు కూలర్. ఏప్రిల్ రాగానే రోడ్డు వైపు కిటికీ రెక్క తీసేసి కూలర్ పెట్టి, చుట్టూ ఖాళీలో అట్టముక్కలు కుక్కుతారు. గడ్డి తడికలు చప్పుడును ఆపవు కాబట్టి ఆ గది రోడ్డు మీద ఉన్నట్టే. కూలర్ హోరులో అది తెలియదు, కరెంటు పోయినప్పుడే లారీలన్నీ ఒక్కసారిగా వినిపిస్తాయి. వీలైతే కూలర్‌ను వెనక గోడకు మార్చండి, గాలి బయటికి పోయే దారి కూడా రోడ్డు వైపు కాకుండా పక్కగదిలోకి వదలండి. తప్పనప్పుడు అట్టల బదులు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోయించి, అంచులకు రబ్బరు వేసి బిగించండి.

హారన్, బైకు సైలెన్సర్ లాంటి సన్నని మోతలు సందు మూస్తే బాగా తగ్గుతాయి. డీజే బాక్సుల దబదబ తగ్గదు. 60 హెర్ట్జ్ చప్పుడు అల పొడవు దాదాపు ఆరు మీటర్లు, దానికి కిటికీ ఒక పల్చటి పొర. దాని మందు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వద్దు, నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు, ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం.

నిబంధన అలా ఉన్నా, మన జిల్లాల్లో హాస్టళ్లు, ఆసుపత్రులు రోడ్డుకు ముఖం పెట్టి కడుతున్నారు. కట్టించే శాఖల ఇంజినీర్లకు మా మనవి: కిటికీకి అద్దం మందం రాసే ఎస్టిమేట్‌లోనే గాడి లోతు 12 మిల్లీమీటర్లు, ఈపీడీఎం పట్టీ, చౌకట్టు చుట్టూ సీలెంట్, రోడ్డు వైపు మూసిన వెంటిలేటర్ అని నాలుగు మాటలు రాయండి. బిల్లు పాస్ చేసేముందు ఒక రాత్రి వచ్చి టార్చి వేసి చూడండి.

మరిచిపోకుండా ఇంకొకటి. ఈ ఉత్తరం చదివి అన్ని సందులూ మూసేవాళ్లు వంటగది, గ్యాస్ గీజర్ ఉన్న స్నానాల గది వెంటిలేటర్లను మాత్రం ముట్టుకోవద్దు. మూసిన గదిలో గ్యాస్ మండితే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పేరుకుని ప్రాణం తీస్తుంది. పడకగది తలుపు కింద కూడా అర అంగుళం ఖాళీ ఉంచండి, గాలి అటునుంచి వస్తుంది.

ఇట్లు,
కిటికీలు, తలుపుల పని చేసే వడ్రంగులు, ఒక సివిల్ ఇంజినీరు
నల్లగొండ